పన్నెండడుగుల దూరం

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. లిఫ్టు మాత్రం రాలేదు.

లోపలికి అడుగుపెట్టిన మనిషి పేపరు చదువుకుంటున్నాడు. తలకు చెవులదాకా దిగే ఉన్ని టోపీ. కళ్ళు పేపరుకిచ్చి, చెవులు టోపీకిచ్చిన మనిషి దగ్గర ఇంకేం మిగులుతాయి? కాళ్ళు మిగిలాయి. అవి గాల్లోకి నడిచాయి.

పోలీసులు వచ్చారు, టేపుతో కొలిచారు, 'లిఫ్టులో లోపం' అని రాసుకుని వెళ్ళారు.

"లోపం కాదు, లోపలివాళ్ళ పని" అన్నారు పెద్దసారు.

పెద్దసారు ఆఫీసు గొడుగులు బాగుచేసే షాపు వెనక గదిలో ఉంటుంది. షాపులోకి వెళ్ళి "గొడుగు బాగుచేస్తారా?" అనాలి. "వాన రానీండి చూద్దాం" అంటారు. "వచ్చేసరికి తడిసిపోతాను" అనాలి. అప్పుడు వెనక తలుపు తీస్తారు. ఈ కోడ్ తెలియక నిజంగా గొడుగు తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ గొడుగులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

వెనక గదిలో హీటరు వేడికి కిటికీ అద్దాలకు చెమటలు పడుతున్నాయి. పెద్దసారు ఉన్ని టోపీ చెవులమీదికి లాక్కుని, ప్లాస్టిక్ మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. శత్రువు కిటికీలోంచి చూస్తే నిజం మొక్కలనుకోవాలట.

"కూర్చో అరసున్నా" అన్నారు.

మన అక్షరాల్లో అరసున్నా అని ఒకటుంది. పాత పుస్తకాల్లో రాశారు, ఎవరూ పలకలేదు. ఉన్నా లేనట్టే. ఆ కోడ్ నేమ్ ఎవరు పెట్టారోగానీ మనిషిని చూసే పెట్టారు. నలభై మూడేళ్ళు. తొమ్మిది దేశాల్లో పద్నాలుగు పేర్లతో బతికాడు, ఒక్క పేరుతోనూ ఎవరూ కేకేసి పిలవలేదు. అద్దె గదిలో ఒక కుర్చీ, ఒక కప్పు, ఒక మేకు. ఇంటికెవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలన్న సమస్య పదకొండేళ్ళుగా రాలేదు.

"చచ్చినవాడెవరో తెలుసా?"

"పేపరు చదివే మనిషి."

"కుడి తాళం. క్షిపణి బంకరులో కుడి కుర్చీ ఆఫీసరు. చావడానికి అరగంట ముందు నాకు ఫోన్ చేశాడు. 'సార్, ఇక్కడ ఒకరు నాతో మరీ ప్రేమగా మాట్లాడుతున్నారు. ఏదో తేడాగా ఉంది. వచ్చి చెప్తాను' అన్నాడు. రాలేదు."

"ప్రేమగా మాట్లాడితే నేరమా సార్?"

"ఆ బంకరులో నేరమే."

బ్రీఫింగ్ మొదలైంది. అణు రాకెట్ లేవాలంటే ముందు పైనుంచి సందేశం రావాలి. అందులో ఒక కోడ్ ఉంటుంది. బంకరు ఇనప్పెట్టెలో సీలు వేసిన కార్డు ఉంటుంది. ఆ పెట్టెకు రెండు తాళాలు, ఎవరి నంబరు వాళ్ళకే తెలుసు. ఇద్దరూ తెరిచి, కార్డు తీసి, కోడ్ అక్షరం అక్షరం కలిసిందనుకుంటే అప్పుడు రెండు కీలు. ఒకటి ఎడమ కుర్చీ దగ్గర, ఒకటి కుడి కుర్చీ దగ్గర. మధ్య పన్నెండడుగులు. రెండూ ఒకే క్షణంలో తిప్పి ఐదు సెకన్లు పట్టుకోవాలి. చేతులు ఎంత పొడుగున్నా, పలుకుబడి ఎంత పొడుగున్నా, ఒక్కడివల్ల కాదు. కీలకమైన ఉద్యోగమని అందరూ తమ ఉద్యోగం గురించి చెప్పుకుంటారు. నిజంగా చేతిలో కీ ఉన్నది వీళ్ళిద్దరికే.

"ఇద్దరూ కూడబలుక్కుంటే సార్?"

"అందుకే పలుక్కోనివ్వం. ఆర్నెల్లకోసారి జోడీ మారుస్తాం. పేర్లు చెప్పుకోకూడదు, ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదు. ఎడమ, కుడి. అంతే."

"చెప్పుల్లాగా."

"చెప్పులు నయం. ఒకే గుమ్మం ముందు పడుకుంటాయి."

పెద్దసారు నీళ్ళ చెంబు కింద పెట్టారు.

"విదేశీ ముఠా ఒకటి దిగింది. మన రాకెట్ ఒక్కటి లేచిందా, మనకూ పొరుగుదేశానికీ యుద్ధం. బూడిద ఏరుకోవడానికి మూడో దేశం గోతాం పట్టుకుని రెడీ. మూడు నెలల్లో రెండుసార్లు కోడ్ మార్చాం. రెండుసార్లూ బయటికి పోయింది. వాళ్ళకిప్పుడు కావలసింది రెండు చేతులు."

"అనుమానం?"

"ఎడమాయన. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. భార్య పోయింది, పిల్లల్లేరు. అందర్నీ బాబాయ్ అంటాడు. మరీ ప్రేమగా మాట్లాడేది ఇంకెవరు? నువ్వెళ్ళి కుడి కుర్చీలో కూర్చో. ఆరు వారాలు. అమ్ముడుపోయాడో లేదో తేల్చు. నాకు ఫోన్ చెయ్యకు, ఇక్కడికి రాకు. మధ్యలో కాంటాక్ట్ ఒక్కరే. డాక్టరమ్మ. ముఠా ఆవిణ్ణి వాళ్ళ మనిషి అనుకుంటోంది."

"మరి మనం?"

"మనం మన మనిషి అనుకుంటున్నాం" అన్నారు పెద్దసారు తృప్తిగా.

గాడ్జెట్ల గదిలో అతికించే మీసం ఇచ్చారు. మడమలో కత్తి దాచిన బూట్లు ఇచ్చారు. ఒక పెన్ను ఇచ్చారు. ఆ పెన్నుతో ఫోటో తీయొచ్చు, తలుపు తీయొచ్చు, అవసరమైతే ప్రాణం తీయొచ్చు. ఒక్క గీత తీయలేం. ఇంకు పట్టే చోట కెమెరా పట్టింది.

బంకరు గేటు దగ్గర సెంట్రీ ఆ పెన్నూ, బూట్లూ, వాచీ, బెల్టూ అన్నీ తీసుకుని ట్రేలో పెట్టి, రబ్బరు చెప్పులిచ్చాడు. గూఢచారి చరిత్రలో ఇంత తేలిగ్గా నిరాయుధుడైన హీరో ఇంకొకడు లేడు. మీసం మాత్రం మిగిలింది.

* * *

భూమికి తొంభై అడుగుల కింద పొడుగాటి గది. భూగర్భం అని పేరేగానీ, ఎన్ని నెలలు మోసినా పుట్టేది ఏమీ ఉండదు, పుట్టకూడదు కూడా. రెండు చివర్లా నేలకు బిగించిన రెండు కుర్చీలు. మధ్యలో ఇనప్పెట్టె, గోడకు గడియారం, కుడి కుర్చీ పక్కన ఒక ఎర్ర ఫోను, సందేశాలు వచ్చే ప్రింటరు. బాత్రూమ్‌కి తలుపు సగమే. ఏ క్షణంలోనూ ఒకరి కంటికి ఒకరు కనపడకుండా పోకూడదని రూలు. మనిషికి ఇక్కడ ఏకాంతం లేదు. ఒంటరితనం కావలసినంత ఉంది.

ఎడమాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. యాభై ఆరేళ్ళు, బక్కపలచటి మనిషి. బంకరులో ఇరవై నాలుగు డిగ్రీల వెచ్చదనం ఉన్నా తలకు ఉన్ని టోపీ పెట్టుకున్నాడు. వయసు మీద పడిందేమో అనుకున్నాడు అరసున్నా.

"రా బాబాయ్. చదరంగం వచ్చా?"

"మాట్లాడుకోవచ్చా అన్నయ్యగారూ?"

"పేర్లు చెప్పుకోకూడదు, ఊర్లు చెప్పుకోకూడదు, ఇంటి సంగతులు చెప్పుకోకూడదు. గుర్రం ఎక్కడికి దూకిందో చెప్పుకోకూడదని మాత్రం రాయలేదు. నేను రూల్ బుక్ మొత్తం చూశా."

కుర్చీ వదిలి రాకూడదు కాబట్టి బోర్డు ఎడమాయన ఒళ్ళో ఉంటుంది. అరసున్నా బోర్డు అరసున్నా బుర్రలో ఉంటుంది. పన్నెండడుగుల దూరం, ఏసీ మోత. ఎత్తులు అరిచి చెప్పుకోవాలి.

"మంత్రి, నాలుగు గళ్ళు ముందుకి!"

"ఎవరి మంత్రి?"

"నీదే! నీ మంత్రి నా వైపు ఎప్పుడో ఫిరాయించాడు!"

మొదటి వారం అరసున్నా పదకొండు ఆటలు ఓడిపోయాడు. రెండో వారం తొమ్మిది. మూడో వారం ఒకరోజు, ఏనుగుని జరుపుతూ ఎడమాయన తల ఎత్తకుండానే అన్నాడు:

"బాబాయ్, నీ మీసం ఎడమవైపు లేస్తోంది. జిగురు మార్చు."

అరసున్నా చెయ్యి బూటు మడమ మీదికి పోయి, రబ్బరు చెప్పుకు తగిలింది. కత్తి ఉన్న బూట్లు పైన ట్రేలో ఉన్నాయి.

"ఎందుకు పెట్టుకున్నావో అడగనులే" అన్నాడు ఎడమాయన. "ఇక్కడ అందరం ఏదో ఒకటి అతికించుకునే వస్తాం. ఈ కుర్చీలో పంతొమ్మిదేళ్ళు కూర్చున్నా. ఎదురుగా ముప్పై ఎనిమిది మంది మారారు. ఒక్కడి పేరు తెలీదు. నీ ముందు కూర్చున్నాయన, పాపం, మంచివాడు. లిఫ్టు ముంచేసిందట. పువ్వులు పెట్టొద్దామంటే ఏ పేరు మీద పెట్టను? 'కుడి' అని రాసి పెట్టొచ్చాను."

ఇలాంటి మనిషి అమ్ముడుపోయాడా? పోతే మిషన్ సక్సెస్. పోకపోతే, ప్రపంచం మొత్తంలో అరసున్నా మీసం గురించి పట్టించుకునే మనిషి ఒకడు మిగులుతాడు. ఇరవై ఏళ్ళ వృత్తిలో మొదటిసారి అతనికి ఫెయిలవ్వాలనిపించింది.

* * *

ప్రతి బుధవారం డాక్టరమ్మ దగ్గర మనసు పరీక్ష. అణ్వాయుధాలు ముట్టుకునేవాళ్ళంతా, పైన సందేశాల గదివాళ్ళ నుంచి కింద కీలు తిప్పేవాళ్ళ దాకా, ఆమె ముందు కూర్చోవాలి. ఆమె అడుగుతుంది: "ఎలా ఉన్నారు?" జవాబు: "బాగున్నాను." ఎవరైనా పొరపాటున "బాగోలేదండీ, నిద్ర పట్టట్లేదు, ఇంట్లో గోడలు చూస్తే ఏడుపొస్తోంది" అంటే ఎర్ర చీటీ ఇస్తారు. ఎర్ర చీటీ అంటే కీ పోయినట్టే, ఉద్యోగం పోయినట్టే. పిచ్చివాడి చేతిలో కీ ఉండకూడదని పెట్టిన రూలు అది, మంచి రూలే. దానివల్ల ఆ డిపార్టుమెంటులో దుఃఖం పూర్తిగా ఆగిపోయింది, కాగితం మీద.

డాక్టరమ్మ కారిడార్లో నడిచొస్తుంటే బల్బులు కూడా సర్దుకుని కూర్చునేవి. ఎర్ర స్కార్ఫు, ఎత్తు మడమలు, గొంతు మాత్రం తడిగుడ్డలా చల్లగా నుదుటి మీద పడేది.

"ఎలా ఉన్నారు?" అని గట్టిగా అడిగింది, తలుపు తీసి ఉండగా.

"బాగున్నాను."

తలుపు మూసింది. "ఇప్పుడు చెప్పు. నిజంగా ఎలా ఉన్నావ్?"

ఆ 'నిజంగా' అన్న మాటకు అరసున్నా దగ్గర జవాబు లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు మరి. రెండో బుధవారానికి జవాబు దొరికింది. మూడో బుధవారానికి ఆపడం కష్టమైంది. అద్దె గది గురించి చెప్పాడు. ఆ మేకుకు చొక్కా తగిలిస్తే ఎవరో నిలబడినట్టుంటుందని, అందుకే తీసెయ్యలేదని చెప్పాడు. ఆమె నవ్వలేదు. వెళ్ళేటప్పుడు అతని కాలరు సర్ది అంది:

"చెవులు కప్పుకో. చలి చెవుల్లోంచే ఎక్కుతుంది."

బయటికి రాగానే అరసున్నా నేరుగా బజారుకెళ్ళి ఉన్ని టోపీ కొనుక్కున్నాడు.

ఎడమాయన మీద నిఘా కూడా సాగుతూనే ఉంది. గురువారం ఇద్దరికీ సెలవు. సాయంత్రం నాలుగింటికి ఎడమాయన పోస్టాఫీసు పక్క టెలిఫోన్ బూత్‌కి వెళ్తాడు. ఫోన్ చెయ్యడు, ఫోన్ కోసం కూర్చుంటాడు. అది మోగగానే జేబులోంచి దువ్వెన తీసి, టోపీ ఎత్తి తల దువ్వుకుని, అప్పుడు రిసీవర్ ఎత్తుతాడు. గంటసేపు మాట్లాడతాడు. ఎదురు బస్టాపులో గుడ్డివాడి వేషంలో కూర్చున్న అరసున్నా ఆ దువ్వెననే చూసేవాడు. ఫోన్లో కనపడరని తెలిసీ తల దువ్వుకునే మనిషి శత్రువెలా అవుతాడు?

బూత్‌లో మైకు పెట్టాడు. టేపులు వినే మెషిన్ డాక్టరమ్మ దగ్గరే ఉంది. ఆమె విని, టైపు చేసి కాగితాలిచ్చేది.

"వంట, బట్టలు, మోకాలి నొప్పి" అంది. "అంతా కోడ్. 'మోకాలు' అంటే కుడి కీ. 'బట్టలు ఆరలేదు' అంటే కోడ్ ఇంకా అందలేదని."

"నిజంగా మోకాలి నొప్పేమో?"

"నీకు అతనంటే ఇష్టంలా ఉందే."

"నాకా? అబ్బే. చదరంగంలో ఓడిస్తున్నాడు, అంతే."

ఆరో బుధవారం తలుపు మూసి, ఈసారి తాళం కూడా వేసింది. ఒకళ్ళు తాళం వేస్తే పాట, ఇద్దరు తాళం తిప్పితే ప్రళయం. ఆమె పాటే మొదలుపెట్టింది.

"పెద్దసారు ఆర్డర్. రేపు సెలవు రద్దు, ఇద్దరికీ డ్యూటీ. పదకొండున్నరకి నకిలీ సందేశం వస్తుంది. ముఠా పంపినట్టే ఉంటుంది. ఎడమాయన తప్పకుండా కీ తిప్పుతాడు. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలి. రెండు కీలూ తిరిగితేనే మెషిన్ రికార్డ్ చేస్తుంది. కాబట్టి నువ్వూ తిప్పాలి."

"నేనా? తిప్పితే నిజంగా లేస్తుంది కదా!"

"నీ కీ వెనక వైరు నిన్ననే తెంపేశారు. అది ఉత్త బొమ్మ. ఐదు సెకన్లు పట్టుకో, చాలు."

"తెంపారని గ్యారంటీ ఉందా?"

ఆమె అతని కళ్ళలోకి చూసింది. "నా మీద నమ్మకం లేదా?"

ఆ ప్రశ్నకు పద్ధతైన గూఢచారి చెప్పవలసిన జవాబు 'లేదు'. ట్రైనింగ్‌లో మొదటి రోజు మొదటి పాఠం. కానీ వారం మొత్తంలో తనతో నిజంగా మాట్లాడే మనిషితో ఆ మాట ఎలా అంటాడు? అరసున్నా టోపీ పెట్టుకుని వచ్చేశాడు.

* * *

గురువారం ఉదయం ఎడమాయన చదరంగం బోర్డు తీయలేదు.

"ఒంట్లో బాగోలేదా అన్నయ్యా?"

"బాగున్నాను" అన్నాడు ఎడమాయన. ఎర్ర చీటీకి భయపడి చెప్పే ఆ 'బాగున్నాను' ఎలా ఉంటుందో అరసున్నాకు తెలుసు. తనూ అదే చెప్తాడు.

పదకొండున్నరకు ప్రింటరు గరగరమంది. ఎరుపు అంచు కాగితం. ప్రయోగ సమయం పదకొండూ నలభై అయిదు.

రూలు ప్రకారం ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఇనప్పెట్టె తాళాలు చెరొకటి తీశారు. సీలు చింపారు. కార్డు మీద పదకొండు అక్షరాలు. కాగితం మీద పదకొండు అక్షరాలు. ఒక్కొక్కటీ చదువుకున్నారు. కలిశాయి.

నకిలీ సందేశంలో అసలు కోడ్ ఎందుకు ఉంది? పెద్దసారు మరీ పకడ్బందీగా చేయించినట్టున్నారు, అనుకున్నాడు అరసున్నా. నమ్మాలనుకున్నవాడికి కారణాలు క్యూ కడతాయి.

ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. కీలు దూర్చారు. గడియారంలో పదకొండూ నలభై నాలుగు దాటి ముల్లు పరుగెడుతోంది. మాట్లాడకూడదు, పక్కకి చూడకూడదు, కళ్ళు గడియారం మీదే ఉండాలి. అరసున్నా అరచెయ్యి కీ మీద వేశాడు. ఉత్త బొమ్మ. వైరు లేని బొమ్మ.

ఇంకా నలభై సెకన్లు.

ఎడమాయన పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి రూలు తప్పి పక్కకి చూశాడు.

"బాబాయ్," అని అరిచాడు, "నువ్వెందుకు చెయ్యి వేశావ్?"

"ఆర్డరు వచ్చింది కదా అన్నయ్యా!"

"నువ్వు తిప్పవుగా? నువ్వు గవర్నమెంటు గూఢచారివిగా? చచ్చినా తిప్పవని చెప్పిందే!"

ముప్పై సెకన్లు.

అరసున్నా కూడా పక్కకి తిరిగాడు. "ఎవరు చెప్పారు?"

"ఆవిడే! ఫోన్‌లో! నిన్న చేసింది, గురువారం కాకపోయినా మనిషిని పంపి బూత్‌కి పిలిపించి మరీ చేసింది. ఏడ్చింది బాబాయ్. తిప్పకపోతే ఎవరో తనని చంపేస్తారట. నువ్వు తిప్పు, ఏం కాదు, కుడి కుర్చీ ఆయన తిప్పడు, రెండోది తిరగందే రాకెట్ లేవదు అంది. నేను తిప్పితే ఆవిడ బతుకుతుంది, నువ్వు తిప్పకపోతే అందరూ బతుకుతారు అనుకున్నా. మరి నువ్వెందుకు చెయ్యేశావ్?"

ఇరవై రెండు.

"ఎవరావిడ?"

"నాకేం తెలుసు? రాంగ్ నంబరు. ఎప్పుడూ జలుబు చేసినట్టుండే గొంతు. ఏడాదిన్నర కింద ఆ బూత్‌లో మోగింది, ఎత్తాను. పేరు చెప్పదు, నేనూ అడగలేదు, మనకి అలవాటే కదా." ఎడమాయన ఖాళీగా ఉన్న చేత్తో టోపీ పట్టుకున్నాడు. "నా గురించి అడిగే మనిషి ఆవిడొక్కతే బాబాయ్. ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ చెప్తుంది, చెవులు కప్పుకో, చలి చెవుల్లోంచే ఎక్కుతుంది అని."

పదిహేను.

అరసున్నా తల మీద టోపీ ఒక్కసారిగా బరువెక్కింది. టేపులు తను ఎందుకు వినలేదో అర్థమైంది. పేపరు చదువుతూ గాల్లోకి నడిచిన మనిషి తల మీద ఏముందో గుర్తొచ్చింది. ఒకడికి నీ కీ బొమ్మ అని చెప్పింది. ఇంకొకడికి అవతలివాడు తిప్పడు అని చెప్పింది. పన్నెండడుగుల దూరంలో కూర్చున్న ఇద్దర్ని ఒకరికొకరు కాపలాగా పెడితే, ఆమె ఆ ఇద్దరికీ అవతలివాణ్ణే భరోసాగా చూపించింది.

ఎవరూ పలకని అరసున్నా అప్పుడు గొంతు చించుకుని పలికాడు.

"తిప్పకు అన్నయ్యా! నేను తిప్పబోతున్నాను! నా కీకి వైరు లేదని నాకు చెప్పింది! అదే మనిషి! నాకూ చెవులు కప్పుకోమనే చెప్పింది!"

తొమ్మిది.

ఎడమాయన కీ వదల్లేదు. అతని ముఖంలో ఏదో మెల్లగా కూలుతోంది. "అబద్ధం" అన్నాడు. "నీకు మీసమే అబద్ధం. నేను వదిలేస్తే, ఆవిడ నిజంగా చచ్చిపోతే?"

ఆరు.

లేచి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవాలని ఉంది. పన్నెండడుగులు. ఇద్దరూ ఒక్కటై ప్రపంచాన్ని తగలబెట్టకుండా కొలిచి పెట్టిన దూరం అది. ఒకడి చెయ్యి ఒకడు పట్టుకోకుండా కూడా అదే అడ్డం.

అరసున్నా మీసం పీకి కింద పడేశాడు. రెండు చేతులూ పైకెత్తాడు, కనపడేలా.

"ఇదిగో, చూడు. నేను తిప్పను. నువ్వు తిప్పినా ఏమీ కాదు. నీ ఇష్టం అన్నయ్యా. కానీ తిప్పితే అది ఆవిడ కోసం కాదు, ఆవిడ చేత."

మూడు. రెండు.

ఎడమాయన చెయ్యి కీ మీంచి జారి ఒళ్ళో పడింది.

పదకొండూ నలభై అయిదు. ఏమీ జరగలేదు.

పదకొండూ నలభై ఆరు. అప్పుడూ ఏమీ జరగలేదు. తొంభై అడుగుల పైన ఎవరో బస్సు కోసం ఎదురుచూస్తున్నారు, ఎవరో ఆరేసిన బట్టలు తీస్తున్నారు. వాళ్ళకు తెలియకుండానే వాళ్ళ గురువారం వాళ్ళకు దక్కింది. కాల్పులు లేవు, కార్ల ఛేజింగ్ లేదు. గూఢచారి కథల్లో హీరో ఏమీ చెయ్యకుండా కూర్చుని లోకాన్ని కాపాడటం రాసేవాడికి చాలా ఇబ్బంది. కానీ జరిగింది అదే.

ఎడమాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. అరసున్నా కుర్చీ వదలకుండానే చెయ్యి చాచి, గోడమీది ఎర్ర ఫోను అందుకున్నాడు.

* * *

డాక్టరమ్మ పారిపోలేదు. రాకెట్ మోత కోసం కాబోలు, కిటికీ తెరిచి కూర్చుంది. పెద్దసారే స్వయంగా వెళ్ళారు. ప్రశ్నలన్నిటికీ ఆమె ఒక్క జవాబే చెప్పింది.

"వాళ్ళని నేను ఒంటరివాళ్ళని చెయ్యలేదు. మీరు చేసి, వరసగా కూర్చోబెట్టి, నా దగ్గరికి పంపారు. నేను ఎలా ఉన్నావని అడిగాను, అంతే."

ఆ వాక్యాన్ని రిపోర్టులో ఎక్కడ రాయాలో తెలియక పెద్దసారు ఖాళీ వదిలేశారు.

గొడుగుల షాపు వెనక గదిలో బల్లమీద టోపీలు వరసగా పెట్టారు. లిఫ్టు మనిషిది. ఎడమాయనది. అరసున్నాది. పైన సందేశాల గదిలో కోడ్‌లు దాచే ఆఫీసరుది, ఆయన కూడా ఏడాదిగా ప్రతి బుధవారం 'నిజంగా ఎలా ఉన్నాడో' ఆమెకు చెప్తూ వచ్చాడు.

"మొత్తం నలుగురికి టోపీ పెట్టిందయ్యా!" అన్నారు పెద్దసారు.

అరసున్నా కళ్ళు టోపీల మీంచి పైకి లేచాయి. పెద్దసారు తల దగ్గర ఆగాయి. హీటరు భగభగమంటోంది. పెద్దసారు మెల్లగా చెయ్యి పైకి పోనిచ్చి, తన ఉన్ని టోపీ తీసి, ఐదోదిగా బల్లమీద పెట్టారు.

"ప్లాస్టిక్ మొక్కలకి నీళ్ళెందుకని ఆవిడొక్కతే అడిగింది" అన్నారు చిన్నగా.

పతకం విషయం చర్చకు వచ్చింది. మడమ తిప్పని వీరులకు పతకాలున్నాయి, చెయ్యి తిప్పనివాళ్ళకు ఏ పతకమివ్వాలో రూల్ బుక్‌లో లేదు. బదులుగా కొత్త డాక్టరు ఇద్దరికీ మనసు పరీక్ష పెట్టాడు. ఎలా ఉన్నారని అడిగాడు. ఎడమాయన "బాగోలేదు" అన్నాడు. అరసున్నా "నాకూ" అన్నాడు. ఇద్దరికీ ఎర్ర చీటీలు వచ్చాయి. అరసున్నా సంతకం పెట్టబోతే పెన్ను రాయలేదు, ఫోటో తీసింది. ఎడమాయన తన పెన్ను ఇచ్చాడు.

అరసున్నా రెండో కుర్చీ కొన్నాడు. అతని గది పొడవు పద్నాలుగడుగులు. గురువారం సాయంత్రం నాలుగింటికి ఎడమాయన గుమ్మంలో ఆగి, తల దువ్వుకుని, తలుపు కొడతాడు. ఒకడు ఆ గోడకి, ఒకడు ఈ గోడకి కుర్చీలు వేసుకుని ఆట మొదలుపెడతారు.

"గుర్రం! రెండు ముందుకి, ఒకటి పక్కకి!"

"ఎవరి గుర్రం?"

మూడో గురువారం కింది వాటా ఆవిడ పైకి వచ్చింది. "ఏవిటండీ ఈ అరుపులు? ఉన్నది ఇద్దరు, దగ్గరగా కూర్చుని ఆడుకోవచ్చుగా?"

"ప్రయత్నిస్తున్నామండీ" అన్నాడు అరసున్నా. "వారానికో అంగుళం జరుగుతున్నాం."